చెరువు లేని ఆట

సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆటలో అందరూ ముందుగా నేర్చుకునే లెక్క ఒకటుంది. ఊరు ఎంత పని చేయగలదో సుత్తి బొమ్మలతో చూపిస్తారు. ఆ సుత్తులు పెరగాలంటే బిల్డింగులు కట్టాలి. 2005లో వచ్చిన నాలుగో ఆటనే తీసుకుందాం. కొలిమి కడితే నూటికి పాతిక పెరుగుతాయి. ఫ్యాక్టరీ కడితే ఇంకో పాతిక. ఫ్యాక్టరీకి కరెంటు ఇస్తే ఇంకో యాభై. ఇరవై సుత్తుల ఊరు ఇవన్నీ కట్టుకుంటే నలభై సుత్తుల ఊరవుతుంది. రెండు సుత్తుల ఊరు అవే మూడూ కట్టుకుంటే నాలుగవుతుంది. సున్నా అయితే సున్నాగానే ఉంటుంది.

ఈ ఆటని సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలిసి మొదట 1991లో తెచ్చారు. క్రీస్తు పూర్వం 4000లో ఒక చిన్న గుంపుతో మొదలుపెట్టి, మనవంతు వచ్చినప్పుడల్లా ఒక్కొక్క ఎత్తు వేస్తూ, అంతరిక్షానికి వెళ్ళేదాకా ఆడొచ్చు. నాకు యుద్ధాల మీద పెద్ద ఆసక్తి లేదు. ఒక ఊరిని బాగు చెయ్యడమే ఇష్టం. ఏ వరసలో ఏం కట్టాలి, ముందు ధాన్యపు కొట్టా, గ్రంథాలయమా, గుడా, కొలిమా అని కూడికలు వేసుకుంటూ రాత్రిళ్ళు గడిపినవాణ్ణి. మాది చిలమత్తూరు వైపు. లెక్క ప్రకారం చూస్తే ఈ ఆటలో మా ఊరు పెట్టకూడని చోటు. నది పక్కన లేదు, సముద్రం దగ్గర్లో లేదు. జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోతుంది, ఈశాన్యం ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతుంది. అయినా ఇక్కడ మనుషులు వందల ఏళ్ళుగా ఊళ్ళు కట్టుకుని బతుకుతున్నారు. పెనుకొండ లాంటి రాజధాని, లేపాక్షి లాంటి గుడి మా చుట్టుపక్కలే లేచాయి. అంటే సుత్తులు ఎక్కణ్ణుంచో వచ్చాయి. ఆ సంగతి వెతికితే ఆటకీ చరిత్రకీ మధ్య తేడా ఒకచోట స్పష్టంగా కనబడుతుంది. ఆటలో చెరువు లేదు.

అంటే నీటి ఊసే లేదని కాదు. మొదటి ఆటలోనే కాలువలు తవ్వొచ్చు. కానీ ఆ పొలం పక్కన నదో, సముద్రమో, అప్పటికే తడి అందుతున్న ఇంకో పొలమో ఉండాలి. నీరు ఒకచోట ఉంటుంది, దాన్ని మనం ఇంకోచోటికి తీసుకుపోతాం. అంతవరకే. ఊరికి అక్విడక్టు కట్టినా అంతే, ఎక్కడో ఉన్న నీటిని మోసుకురావడం. పడిన వానని పట్టి నిలిపి, లేని నీటిని ఉన్న నీరుగా మార్చే కట్టడం ఆటలో లేదు. ఆరో ఆటలో భారతదేశానికి ప్రత్యేకంగా మెట్ల బావి ఇచ్చారు. పడమటి దేశపు బావులు అందంగానే ఉంటాయి, కాదనను. కానీ దక్కన్ పీఠభూమి బతికింది మెట్ల బావి మీద కాదు, మట్టి కట్ట మీద.

ఒకసారి మా మామ పక్కన కూర్చుని చాలాసేపు స్క్రీన్ చూశాడు. శెనక్కాయల సేద్యం చేసి చేసి విసిగిపోయిన మనిషి. చివరికి అడిగాడు:

"ఈ ఊర్లో చెరువు యాడుండాదప్పా?"

"చెరువు ఉండదు మామా. నది ఉంటే కాలవ తీసుకోవచ్చు."

"నది లేకపోతే?"

"ఆ తావులో ఊరు పెట్టకూడదు."

"ఓహో, అట్లయితే మనం ఉండేదే తప్పు," అని లేచి వెళ్ళిపోయాడు.

మామ అడిగిన ప్రశ్నకి విజయనగరం వాళ్ళు రాళ్ళ మీద జవాబులు చెక్కిపెట్టారు. వాటిలో పెద్దది కడప జిల్లా పోరుమామిళ్ళలో ఉంది. 1369 నాటి సంస్కృత శాసనం. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి సీమని ఏలుతూ అక్కడ చెరువు కట్టించాడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని శాసనం చెబుతుంది. దాన్ని దానశాసనం అనడం కన్నా ఇంజనీరింగు పాఠం అనడమే సరైనది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు ఉండాలట, ఆరు దోషాలు ఉండకూడదట. అంగాల్లో కొన్ని: కట్టించేవాడికి డబ్బూ ధర్మబుద్ధీ కీర్తికాంక్షా ఉండాలి, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలి, నేల గట్టి బంకమట్టి కావాలి, కట్ట ఆనుకోవడానికి కొండలు కావాలి, దగ్గర్లో పొడుగాటి తిన్నని రాళ్ళు దొరికే గని కావాలి, పని తెలిసిన మనుషుల దండు కావాలి. ఆటలో నేను చేసే పనంతా ఈ జాబితాలో ఉంది: స్థలం ఎంపిక, ముడిసరుకు, నిపుణుడు, కూలీలు, ఖజానా.

దోషాల జాబితా ఇంకా ఆసక్తికరం. కట్ట ఊరడం, చవుడు నేల, చెరువు గర్భం మధ్యలో మిట్ట ఉండడం, ఇవి ఎవరైనా చెప్పగలిగేవే. తర్వాతి రెండూ చూడండి. నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒక దోషం. నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం ఇంకో దోషం. కట్టడానికీ, అది పోషించాల్సిన నేలకీ మధ్య పొత్తు కుదరాలన్న లెక్క ఇది. ఫ్యాక్టరీ శాతాల లెక్కకన్నా ఇదే నాకు నిజమైన ఉత్పత్తి సూత్రంలా కనిపిస్తుంది. ఆరో దోషం: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. చిలమత్తూరు మండలం దాటితే కర్ణాటక బాగేపల్లి. ఈ దోషం దగ్గరికి మళ్ళీ రావాలి.

మాకు ఇంకా దగ్గరి శాసనం 1388 నాటిది. రెండవ హరిహరరాయల కాలం. ఆయన కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఏలుతున్నాడు. నీరే ప్రజలకి ప్రాణమని తలచి, నిండు కొలువులో జలసూత్రంలో దిట్ట అయిన సింగయభట్టుని పిలిచి, హెన్నె నదిని పెనుకొండకి తెమ్మని ఆజ్ఞాపించాడని ఆ శాసనం చెబుతుంది. హెన్నె అంటే మన పెన్నేరే. కన్నడంలో పకారం హకారం అయింది. సింగయభట్టు కాలువ తవ్వించి, సిరువెర చెరువు దాకా నీటిని నడిపించి, ఆ కాలువకి రాజు పేరే పెట్టాడు. ఇంజనీరు పేరు శాసనంలో చెక్కడం మన దగ్గర అరుదైన విషయం. శిల్పుల పేర్లు కనబడతాయి, కవుల పేర్లు కనబడతాయి. నీళ్ళు తెచ్చినవాడి పేరుని ఇన్ని బిరుదులతో రాయించారంటే, పెనుకొండని రాజధాని స్థాయికి తెచ్చే పనిలో ఏది ముందో వాళ్ళకి తెలుసు. కోట గోడలు, మహళ్ళు, అంగళ్ళు అన్నీ ఆ నీటి తర్వాతే. 1565లో రాక్షసి తంగడి దెబ్బకి హంపి కూలితే తిరుమలరాయలు రాజ్యాన్ని పెనుకొండకి మార్చుకున్నాడు. ఒక రాజధానిని మోయగల ఊరు అప్పటికి అక్కడ సిద్ధంగా ఉంది.

హంపి దగ్గర కృష్ణదేవరాయలు కట్టించిన పెద్ద చెరువు కథ ఇద్దరు పోర్చుగీసువాళ్ళు రాశారు. పనిలో పదిహేను, ఇరవై వేలమంది చీమల్లా కనబడుతున్నారని పాయెజ్ రాశాడు. కట్ట పదేపదే తెగితే మనుషుల్ని బలి ఇచ్చారని కూడా రాశాడు. ఆటలో టర్న్ నొక్కితే కట్టడం లేచేటప్పుడు దాని కింద ఎవరున్నారో కనబడదు. న్యూనిజ్ ఇంకో సంగతి చెప్పాడు. ఆ చెరువు కింద భూముల్ని సాగులోకి తెచ్చుకునేవాళ్ళకి రాజు తొమ్మిదేళ్ళు పన్ను మాఫీ చేశాడట. ఆ తర్వాత ఆదాయం ఇరవై వేల వరహాల దాకా పెరిగిందట. అంటే కట్టిన మర్నాడే ఫలితం రాదని రాజుకి తెలుసు. కట్టడం పూర్తయిన టర్న్‌లోనే శాతం కలిపేసే ఆటకి ఈ తొమ్మిదేళ్ళ ఓపిక లేదు. ఈ రోజుల్లో పరిశ్రమలకి ఇచ్చే పన్ను రాయితీలు ఇదే జాతివి, మనం కొత్తగా కనిపెట్టినవి కావు.

ఇక గుడి సంగతి. ఆటలో గుడి కడితే ఉత్పత్తి పెరగదు. మొదటి ఆటలో అసంతృప్తిగా ఉన్న ఒక పౌరుడు శాంతిస్తాడు. పైగా ప్రతి టర్న్‌కీ ఖర్చు. యూరప్ నుంచి చూస్తే గుడి అంటే అంతే కాబోలు. బర్టన్ స్టైన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1960 ప్రాంతంలో తిరుపతి శాసనాల్ని ఆర్థిక చరిత్రగా చదివాడు. ఒక భక్తుడు తన పేరున స్వామికి నైవేద్యం జరగాలని కొంత డబ్బు ఇస్తాడు. దేవస్థానం ఆ డబ్బుని వడ్డీకి తిప్పలేదు. దేవుడి మాన్యపు ఊళ్ళలో కాలువలు తవ్వించి, చెరువులు బాగు చేయించింది. పెరిగిన పంటలోంచి నైవేద్యానికి బియ్యం, నెయ్యి. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాత హక్కు. ఆ హక్కుని దాత అనుభవించొచ్చు, ఇంకొకరికి రాసివ్వొచ్చు. రాజులూ, అధికారులూ, వ్యాపారులూ ఇచ్చిన సొమ్ము ఇలా మట్టిలోకి, నీళ్ళలోకి వెళ్ళింది. అది గుడా, బ్యాంకా, నీటిపారుదల శాఖా? నన్నడిగితే మూడూ. మా సీమలో ఆటని మళ్ళీ రాసే అవకాశమే ఉంటే నేను మార్చే మొదటి నియమం ఇది: గుడి పక్కన చెరువుంటే సుత్తులు రెట్టింపు.

అన్ని గుళ్ళూ అలా పెట్టుబడిగా మారాయని అనలేం. చిలమత్తూరు పక్కనే లేపాక్షి ఉంది. అచ్యుతరాయల కాలంలో, 1530లలో, విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ ఆ వీరభద్రాలయాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. ఆ కప్పు మీది బొమ్మలు చూడ్డానికి నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. దాని వెనక అందరికీ తెలిసిన కథ ఉంది. కోశాధికారి విరూపణ్ణ రాజుగారి అనుమతి లేకుండా ఖజానా సొమ్మంతా గుడికి పోశాడనీ, కళ్ళు పీకమని రాజు ఆజ్ఞ ఇస్తే తనే కళ్ళు పీక్కుని గోడకి విసిరాడనీ. గోడ మీది ఎర్రటి మరకల్ని గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. కథ నిజం కాకపోవచ్చు. గుడికి ఊళ్ళని దానం చేసిన శాసనాలు నిజం, సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం నిజం. సివిలైజేషన్ ఆడినవాళ్ళకి ఈ కథ వెంటనే అర్థమవుతుంది. ధాన్యపు కొట్టు కట్టాల్సిన టర్న్‌లన్నీ ఒక అద్భుత కట్టడానికి పోసి, అది పూర్తి కాకముందే ఖజానా ఖాళీ అవడం మాకు అలవాటే. మాకు కళ్ళు మాత్రం మిగులుతాయి.

కానీ లేపాక్షి కథని విరూపణ్ణ దుబారా కథగా మాత్రమే చెప్పడం నాకు నచ్చదు. ఆ గుడి చుట్టూ నేత, బట్టల మీది రంగులు, రాతిపని, అన్నదానం, అంగడి అన్నీ నడిచాయి. కప్పు మీద బొమ్మల్లో ఆడవాళ్ళు కట్టిన చీరల అంచుల్ని ఈ రోజు డిజైనర్లు నకలు తీసుకుంటున్నారు. నాలుగొందల తొంభై ఏళ్ళ తర్వాత కూడా రాబడి ఇస్తున్న కట్టడాన్ని దుబారా అనడానికి నాకు నోరు రాదు.

కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. మొదటి ఆటల్లో ప్రతి బిల్డింగుకీ నిర్వహణ ఖర్చు ఉంటుంది. ఖజానాలో లేకపోతే ఆటే ఒక బిల్డింగుని అమ్మేస్తుంది. చెరువుని ఎవరూ అమ్మరు. అది నెమ్మదిగా పూడిపోతుంది. ప్రతి వానకీ ఇంత ఒండు మట్టి, ప్రతి ఏడాదీ కట్ట మీద ఇంకో నాలుగు కంపచెట్లు. అందుకే మన పాతవాళ్ళు దశబంధం అనే ఏర్పాటు చేశారు. చెరువు కట్టినవాడికో, దాన్ని బాగు చేస్తూ ఉండేవాడికో ఆయకట్టులో పదో వంతు భూమో, పంటలో పదో వంతో రాసిచ్చేవాళ్ళు. చెరువు బాగుంటేనే అతని వాటా బాగుంటుంది. తూము తీసేవాడు, నీళ్ళు పంచే నీరుగంటి, మరవ కాపలా, వీళ్ళందరికీ పంటలో గింజలు ఉండేవి. ఖర్చు రాజధాని ఖజానా నుంచి రాలేదు, ఆ చెరువు నీళ్ళలోంచే వచ్చింది.

1800లో నిజాం ఈ సీమని కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలన్నారు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి ఏడేళ్ళు ఊరూరా తిరిగి శిస్తు లెక్కలు కట్టాడు. ఆ తర్వాత దశబంధం ఇనాములు లెక్కల పుస్తకాల్లో మిగిలాయి. కానీ భూమి ఒకరిదీ, చెరువు బాధ్యత ఇంకొకరిదీ అవుతూ వచ్చింది. ప్రభుత్వపు పెద్ద డబ్బు పెద్ద నదుల మీదికి వెళ్ళింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, డెల్టా మారిపోయింది. ఇది ఆట లెక్కకి అచ్చంగా సరిపోయే నిర్ణయం: ఇరవై సుత్తుల ఊర్లో ఫ్యాక్టరీ కడితే ఐదు పెరుగుతాయి, రెండు సుత్తుల ఊర్లో కడితే అర మాత్రమే. లాభం చూసే పాలకుడు డెల్టాలోనే పెడతాడు. కాటన్‌ని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఆ లెక్క చివర ఎవరున్నారో 1876-78 కరువు చూపించింది. ఆ కరువుకి ఎక్కువగా బలైన వాటిలో మా సీమ జిల్లాలున్నాయి.

చెరువుల్ని అలా వదిలేశాక బోర్లు వచ్చాయి. బోరు అంటే వాన పట్టే కట్టడం కాదు, తాతలనాటి నీటిని తోడే గొట్టం. చెరువు నిండితేనే బోరు ఊరుతుందని అందరికీ తెలుసు, అయినా ఎవరి బోరు వాళ్ళదే. మా వైపు బోర్లు ఎండినచోట రైతుని కొంతవరకు నిలబెట్టింది మల్బరీ, పట్టుపురుగు. దీని వెనక కూడా ఒక కట్టడముంది: హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు. వరి కన్నా తక్కువ నీళ్ళు, నెల రోజుల్లో చేతికి డబ్బు. ధర నచ్చకపోతే గూళ్ళు సరిహద్దు దాటి శిడ్లఘట్టకో రామనగరానికో పోతాయి. ఆటలో మార్కెట్టు కడితే పెరిగేది పన్ను. ఇక్కడ మార్కెట్టు ఉండబట్టి పంటే మారింది.

ఇక మన కాలంలోకి వద్దాం. చిలమత్తూరు మండలంలో కొడికొండ చెక్‌పోస్టు మీదుగా హైదరాబాదు-బెంగళూరు హైవే పోతుంది. 2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరిచాక ఈ దారి పక్క నేల మీద అందరి కళ్ళూ పడ్డాయి. ఆ రోజుల్లోనే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా భూమిని లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే ప్రాజెక్టుకి ప్రభుత్వం కేటాయించింది. విజ్ఞాన నగరం, లక్షల ఉద్యోగాలు అన్నారు. నగరం రాలేదు. ఆ భూముల కథ తర్వాత బ్యాంకుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగింది. దాని రాజకీయాలు పత్రికల్లో చాలా వచ్చాయి, నేను వాటిలోకి పోను. ఆట భాషలో చెప్పాలంటే అది కట్టే వరసలో మొదటి మెట్టు లేకుండా ఆఖరి మెట్టు ఎక్కడం. నీళ్ళెక్కణ్ణుంచి అన్న ప్రశ్నకి జవాబు లేకుండా వేల ఎకరాల గీత గీశారు. ఇంకో తేడా కూడా ఉంది. ఆటలో టైల్‌కి యజమాని ఉండడు. ఆ గళ్ళలో శెనక్కాయ వేసే మనుషులుండరు, పట్టా కాగితాలుండవు, పరిహారం గురించి ఆఫీసు మెట్లెక్కడం ఉండదు.

దానికి కొంచెం ఉత్తరాన, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఇంకో కథ నడిచింది. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. 536 ఎకరాలు, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019లో కార్లు బయటికి వచ్చాయి. రాయితీలు ఎక్కువిచ్చారనీ, మంచి ఉద్యోగాలు స్థానికులకి తక్కువనీ వాదనలున్నాయి, వాటిలో నిజం ఉంది. కానీ ఇక్కడ వరస తప్పలేదు. మొదటి కారు కన్నా ముందే హంద్రీ-నీవా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరుకి చేరాయి. తర్వాతే ఫ్యాక్టరీ. తమాషా ఏంటంటే అదే 2019లో సివిలైజేషన్ ఆరో ఆటకి గాదరింగ్ స్టార్మ్ అనే విస్తరణ వచ్చింది. అందులో కరువులూ వరదలూ పెట్టారు, ఆనకట్ట కట్టుకోనిచ్చారు. ఆనకట్టనో అక్విడక్టునో ఆనుకుని పారిశ్రామిక వాడ పెడితే సుత్తులు అదనంగా ఇచ్చారు. నీళ్ళకీ ఫ్యాక్టరీకీ చుట్టరికం ఉందని ఆటకి తెలియడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

పోరుమామిళ్ళ ఆరో దోషం మిగిలింది. 1892లో మద్రాసు ప్రభుత్వం, మైసూరు సంస్థానం మధ్య నీళ్ళ ఒప్పందం జరిగింది. దిగువన ఉన్న మద్రాసుని అడక్కుండా పైన మైసూరు కొత్త చెరువులు కట్టకూడదని రాసుకున్న నదుల జాబితాలో పెన్నేరు, చిత్రావతి, పాపఘ్ని మూడూ ఉన్నాయి. మూడూ నందికొండల వైపు పుట్టి మా సీమలోకి వచ్చేవే. బుక్కపట్నం, ధర్మవరం చెరువులకి చిత్రావతే ఆధారం. ఈ శతాబ్దం మొదట్లో బాగేపల్లి దగ్గర పరగోడులో చిత్రావతికి అడ్డంగా కట్ట లేస్తుంటే అనంతపురం జిల్లా గొంతెత్తింది. అటువైపు అడిగినా వాళ్ళదీ కరువు సీమే, వాళ్ళకీ తాగడానికి నీళ్ళే కావాలి.

సింగయభట్టు శాసనం ఉన్నది ఇప్పటి కర్ణాటకలో, గౌరిబిదనూరు తాలూకాలో. ఆయన నీళ్ళు చేరాల్సిన పెనుకొండ ఆంధ్రలో ఉంది. ఆయన దక్షిణం నుంచి నేల వాలు చూసుకుని నదిని నడిపించాడు. ఇప్పుడు పెనుకొండకి వస్తున్న కృష్ణ నీళ్ళు ఉత్తరం నుంచి, శ్రీశైలం వెనక నుంచి, ఒక పంపు మీద ఇంకో పంపు పెట్టి, వాలుకి ఎదురుగా ఎత్తితే వస్తున్నాయి. సింగయభట్టు కాలువకి కరెంటు బిల్లు లేదు.